మావాడి షిప్‌కి పండుగ పెట్టె పంపాలి: ఏం పెట్టాలి, ఎప్పుడు వేయాలి?

ఫ్రిస్కో అమ్మ · సెప్టెంబర్ 28

అందరికీ నమస్కారం. నేను ఈ ఫోరంలో ఎక్కువగా వంటల విభాగంలోనే కనిపిస్తాను. ఈరోజు వేరే సంగతి అడగాలని వచ్చాను.

మా చిన్నవాడు అమెరికన్ నేవీలో చేరి ఏడాదిన్నర అయింది. పోయిన నెల నార్ఫోక్ నుంచి మొదటి డిప్లాయ్‌మెంట్‌కి, అంటే నెలల తరబడి సముద్రం మీద ఉండే డ్యూటీకి, వెళ్లాడు. డిస్ట్రాయర్ అనే రకం యుద్ధనౌక మీద ఉన్నాడు. పోయిన ఏడాది క్రిస్మస్‌కి సెలవు దొరికి ఇంటికొచ్చాడు. ఈసారి దీపావళి, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, సంక్రాంతి అన్నీ వాడికి సముద్రం మీదే. వాడి కారు మా డ్రైవ్‌వేలో కవరు కప్పుకుని ఉంది. రోజూ దాన్ని దాటుకుంటూ ఆఫీసుకి వెళ్తున్నాను.

మా వారు వాణ్ణి ఇంజినీరింగ్ చదివించాలని చాలా ఆశపడ్డారు. వాడు నేవీ అన్న రోజు నుంచి ఇద్దరికీ మాటలు తక్కువే. అందుకే ఈ పెట్టె పని మొత్తం నా నెత్తినే ఉంది. ఏం పెట్టాలి, ఎలా కట్టాలి, ఏ అడ్రస్ రాయాలి, ఎప్పుడు వేస్తే పండుగకి అందుతుంది, ఏమీ తెలియదు. సున్నుండలు, చెక్కలు, ఆవకాయ పంపాలని ఉంది. ఇంతకు ముందు పంపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

పాత స్టోర్‌కీపర్ · సెప్టెంబర్ 28

అక్కా, టెన్షన్ పడకండి. సెప్టెంబర్‌లోనే అడిగారు, అదే పెద్ద మేలు.

నేను అమెరికన్ నేవీలో 20 ఏళ్లు చేసి రిటైరయ్యాను. చేరినప్పుడు స్టోర్‌కీపర్‌ని, అంటే షిప్ సామాన్లు చూసుకునేవాణ్ణి. 2009లో స్టోర్‌కీపర్లనీ పోస్టల్ క్లర్కులనీ కలిపేసి లాజిస్టిక్స్ స్పెషలిస్ట్ అన్నారు. అక్కడి నుంచి షిప్ మీద ఉత్తరాలు, పార్శిళ్ల పని కూడా చేశాను. తెలిసింది చెప్తాను.

ముందు అడ్రస్. మీవాడు ఇచ్చిన అడ్రస్‌లో ఎఫ్‌పీఓ అని ఉంటుంది. అంటే ఫ్లీట్ పోస్ట్ ఆఫీస్. ఊరి పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌పీఓ, రాష్ట్రం ఉండాల్సిన చోట రెండక్షరాలు ఉంటాయి: యూరప్, మధ్యప్రాచ్యం వైపైతే ఏఈ, పసిఫిక్ వైపైతే ఏపీ, దక్షిణ అమెరికా వైపైతే ఏఏ. (ఈ ఏపీ మన ఏపీ కాదు. మా నాన్నగారు మొదటిసారి చూసి చాలా సంతోషపడ్డారు.) తర్వాత జిప్ కోడ్. ఏఈ అయితే 09తో మొదలవుతుంది. దేశం పేరు మాత్రం ఎక్కడా రాయొద్దు. షిప్ ఫలానా దేశం దగ్గర ఉందని మీకు తెలిసినా రాయొద్దు. రాస్తే పెట్టె ఆ దేశపు పోస్టులో పడే ప్రమాదం ఉంది.

ప్రైవేటు కొరియర్లు ఎఫ్‌పీఓకి చేర్చవు. పోస్టాఫీసే దారి. షిప్ ఏ సముద్రంలో ఉన్నా అమెరికాలో ఊరి నుంచి ఊరికి పంపినట్టే ఛార్జీ పడుతుంది. పోస్టాఫీసులో మిలిటరీ అడ్రస్‌లకని ప్రత్యేకంగా ఒక పెద్ద ఫ్లాట్ రేట్ పెట్టె ఉంటుంది. 12 అంగుళాల పొడవు, 12 వెడల్పు, ఐదున్నర లోతు. మామూలు పెద్ద పెట్టె కన్నా దానికి ధర తక్కువ. 70 పౌండ్ల దాకా ఎంత బరువైనా అదే ధర. పెట్టెలు, టేపు, కస్టమ్స్ ఫారాల కవర్లు కలిపి ఒక మిలిటరీ కిట్‌గా ఉచితంగా ఇంటికే పంపిస్తారు. ఈరోజే ఆర్డర్ పెట్టండి.

ఫ్రిస్కో అమ్మ · సెప్టెంబర్ 28

తమ్ముడూ, కడుపు నిండినంత పనైంది. కిట్ ఆర్డర్ పెట్టేశాను. కస్టమ్స్ ఫారం అన్నారు, దేశంలోని ఛార్జీయే అయినా అది కావాలా?

పాత స్టోర్‌కీపర్ · సెప్టెంబర్ 29

కావాలి. ఆన్‌లైన్‌లో నింపి ప్రింట్ తీసుకోవడం సులువు. అందులో “గిఫ్ట్” అనో “ఫుడ్” అనో రాస్తే సరిపోదు. ఏమిటి, ఎన్ని, ఎంత బరువు, ఎంత ఖరీదు అని విడివిడిగా రాయాలి. చెక్కలకి “రైస్ క్రాకర్స్” అని రాయండి. కందిపొడికి “రోస్టెడ్ లెంటిల్ స్పైస్ పౌడర్” అని రాయండి. ఇంట్లో కొట్టిన పొడి ఏదైనా సరే, కవరు మీద కూడా అదే పేరు అంటించండి. పేరు లేని పొడిని చూసి ఎవరైనా అనుమానపడితే వాళ్ల తప్పు కాదు.

మీవాడి అడ్రస్‌లో ఉన్న జిప్ కోడ్‌కి ఏం పంపకూడదో పోస్టాఫీస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఒక్కో జిప్‌కి ఒక్కో నియమం. మధ్యప్రాచ్యం వైపు కొన్ని జిప్‌లకి పోర్క్ పంపకూడదు. సెంట్లు, గోళ్ల రంగు, స్ప్రే డబ్బాలు, అగ్గిపెట్టెలు ఎక్కడికీ పంపకూడదు.

గులాబీ పువ్వులు · సెప్టెంబర్ 29

అక్కా, మాది గుంటూరు, ఇప్పుడు వర్జీనియా బీచ్‌లో ఉంటున్నాం. మా అన్నయ్య కొడుకు నేవీలో ఉన్నాడు. మూడేళ్లుగా క్రిస్మస్‌కి పెట్టెలు పంపుతున్నాను. నేను చేసిన తప్పులు ముందు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు.

మొదటి ఏడాది సున్నుండలు, గంధం సబ్బులు ఒకే పెట్టెలో పెట్టాను. రెండూ కవర్లలోనే ఉన్నాయి. నాలుగు వారాలు పెట్టెలో మగ్గి సున్నుండలన్నీ సబ్బు వాసన కొట్టాయట. పిల్లవాడు మంచివాడు, అన్నీ తిన్నానన్నాడు. వాళ్ల అమ్మతో మాత్రం నిజం చెప్పాడు. అప్పటి నుంచి సబ్బు, షాంపూ, లోషన్ వేరే పెట్టెలోనే వేస్తున్నాను.

రెండో తప్పు జంతికలు. వెళ్లేసరికి పొడి అయ్యాయి. చెక్కలు మాత్రం బాగా తట్టుకుంటాయి, ఒక కిటుకు ఉంది. పొటాటో చిప్స్ వచ్చే పొడుగాటి గొట్టం డబ్బా ఉంటుంది కదా, అది ఖాళీ చేసి తుడిచి ఆరబెట్టండి. చెక్కలు వత్తేటప్పుడు ఆ డబ్బా మూత కన్నా కొంచెం చిన్న మూతతో కోసి వేయించండి. పూర్తిగా చల్లారాక ఒకదాని మీద ఒకటి పేర్చండి. పైన మిగిలిన ఖాళీలో ఒక పేపర్ నాప్కిన్ కుక్కండి. మూడేళ్లలో ఒక్క చెక్క విరగలేదు. నేను పేర్చేటప్పుడు డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాను. చప్పుడు వస్తే ఇంకో నాప్కిన్.

ఫ్రిస్కో అమ్మ · సెప్టెంబర్ 29

ఇది ఎంత బాగుంది! రేపే డబ్బాలు కొంటాను. ఆవకాయ సంగతి?

గులాబీ పువ్వులు · సెప్టెంబర్ 29

నేను మానేశాను అక్కా. మన పెట్టెలో నూనె కారితే మనది ఒక్కటే కాదు, ఆ సంచిలో ఉన్న వేరేవాళ్ల ఉత్తరాలు కూడా పాడవుతాయి. తప్పదనుకుంటే గాజు సీసా వద్దు. నూనె తక్కువ వేసి, వేడితో అతికించే కవర్లో పెట్టి, దాన్ని ఇంకో రెండు జిప్‌లాక్‌లలో పెట్టండి. దాని బదులు పొడులు హాయి. మెస్‌లో అన్నం దొరుకుతుంది. మా పిల్లవాడు నల్లకారం అడుగుతాడు. అన్నం మీదే కాదు, గుడ్డు మీద కూడా చల్లుకుంటాడట.

పాత స్టోర్‌కీపర్ · సెప్టెంబర్ 30

ఎండు రొయ్యలు, ఎండు చేపలు వద్దని కూడా చెప్పాలి. పడుకునే గదిలో పదుల మంది ఉంటారు. మూడు అంతస్తుల మంచాలు. ఒక్కొక్కరికి పరుపు కింద లోతు తక్కువ పెట్టె ఒకటి, పక్కన చిన్న లాకర్ ఒకటి. యూనిఫారాలతో సహా మనిషి సంసారం అంతా అందులోనే. అందుకని పెద్ద వస్తువులు, దిళ్లు, బొమ్మలు పంపితే పెట్టుకునే చోటుండదు. తిని అయిపోయేవి, వాడి అరిగిపోయేవి పంపండి.

తిండి కాకుండా నేను చూసినంతలో పిల్లలు ఎగబడేవి: మందపాటి నల్ల సాక్సులు, స్నానానికి రబ్బరు చెప్పులు, పెదాలకి రాసుకునే బామ్, ఏఏ బ్యాటరీలు, ఇంటి దిండు గలీబు. నీళ్లలో కలుపుకునే నిమ్మరసం పొడి ప్యాకెట్లు మరీ ముఖ్యం. షిప్ మీద తాగే నీళ్లు సముద్రపు నీటి నుంచి తయారవుతాయి. మంచి నీళ్లే, కానీ ఆ రుచి అందరికీ నచ్చదు. సాక్సుల్ని సీసాల చుట్టూ, డబ్బాల మధ్య కుక్కండి. వేరే పేపర్ అక్కర్లేదు.

ఫ్రిస్కో అమ్మ · అక్టోబర్ 1

దీపావళికి దీపాలు? ప్రమిదలు, వత్తులు, నాలుగు అగరుబత్తులు పెట్టొచ్చా?

పాత స్టోర్‌కీపర్ · అక్టోబర్ 1

వద్దక్కా. షిప్ మీద నిప్పంటే అందరికీ హడల్. వెలిగించనివ్వరు. ప్లాస్టిక్ దీపాలు, లోపల చిన్న బల్బు ఉండేవి పంపండి. కానీ వాటిలో వేసే బ్యాటరీ చూసుకోండి. గుండ్రటి బిళ్ల బ్యాటరీలు లిథియంవి. విడిగా పంపకూడదు. మామూలు ఏఏ బ్యాటరీతో వెలిగేవి వెతకండి.

ఎడిసన్ తమ్ముడు · అక్టోబర్ 2

ఈ చర్చ చదివి మా తెలుగు సంఘంలో అందరికీ చెప్పాను. ఆదివారం తెలుగు బడి పిల్లలతో కలిసి 40 పెట్టెలు కట్టి నేవీ వాళ్లకి పంపాలనుకుంటున్నాం. మాకు తెలిసిన నావికులు ఎవరూ లేరు. “ఎవరైనా ఒక నావికుడికి” అని రాసి షిప్ పేరుతో పంపితే తీసుకుంటారా? అలాగే ఫ్రిస్కో అమ్మగారూ, మీ అబ్బాయి షిప్ పేరు, ఎప్పుడు తిరిగొస్తుందో చెప్తే ముందు ఆ షిప్‌కే పంపుతాం.

మోడరేటర్ · అక్టోబర్ 2

ఎడిసన్ తమ్ముడు గారూ, మీ ఉద్దేశం మంచిది. కానీ షిప్ పేరు, ఇప్పుడు ఎక్కడుంది, ఎప్పుడు వస్తుంది అన్నవి ఇక్కడ ఎవరూ రాయొద్దు, ఎవరూ అడగొద్దు. ఇంకొకరు ఊహించి రాసిన ఒక తేదీని ఇప్పుడే తీసేశాను. ఇది లోపల ఉన్న పిల్లల భద్రత విషయం. ఈ చర్చ మొత్తానికీ ఇదే నియమం.

పాత స్టోర్‌కీపర్ · అక్టోబర్ 2

మోడరేటర్ గారికి ధన్యవాదాలు.

తమ్ముడూ, పేరు లేకుండా పంపడం ఒకప్పుడు ఉండేది. 2001 అక్టోబర్ చివర్లో, ఉత్తరాల్లో ఆంత్రాక్స్ క్రిములు పెట్టి పంపుతున్నారన్న భయం వచ్చినప్పుడు రక్షణ శాఖ ఆపేసింది. ఇప్పుడు పెట్టె మీద మనిషి పేరు ఉండాల్సిందే. ఎవరూ తెలియనివాళ్లకి దారి స్వచ్ఛంద సంస్థలు. ఆపరేషన్ గ్రాటిట్యూడ్, సోల్జర్స్ ఏంజెల్స్ రెండూ 2003లో మొదలయ్యాయి. యూఎస్ఓ 1941 నుంచి ఉంది. ఏం తీసుకుంటారో వాళ్లే జాబితా ఇస్తారు. ఇంట్లో చేసిన పిండివంటల జోలికి పోకండి, తెలియనివారి ఇంటి వంట ఎవరూ తీసుకోరు.

పిల్లలతో కార్డులు రాయించండి. దానికే విలువ ఎక్కువ. మెరుపు పొడి చల్లొద్దు. పిల్లల పూర్తి పేరు, ఇంటి అడ్రస్ రాయించొద్దు. కవర్లు అతికించొద్దు.

ఎడిసన్ తమ్ముడు · అక్టోబర్ 2

క్షమించండి, షిప్ సంగతి తెలియక అడిగాను. కార్డుల పని ఈ ఆదివారమే మొదలుపెడతాం.

మల్కాపురం అత్తయ్య · అక్టోబర్ 3

అమ్మాయ్, నేను విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. మా వారు మన నౌకాదళంలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. మీ అమెరికా పెట్టెల సంగతి నాకు తెలియదు. ఎదురుచూడటం మాత్రం తెలుసు.

మా రోజుల్లో ఫోన్ కూడా లేదు. ఉత్తరం మీద షిప్ పేరు రాసి, ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అడ్రస్ రాసేవాళ్లం. షిప్ రేవుల వెంట తిరుగుతుంటే ఉత్తరాలు వెనకాల తిరిగేవి. ఒకసారి నేను పది రోజుల తేడాతో రెండు ఉత్తరాలు వేశాను. మొదటి దాంట్లో పాపకి జ్వరం ఎక్కువగా ఉంది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నానని రాశాను. రెండో దాంట్లో తగ్గిపోయింది, ఆడుకుంటోందని రాశాను. ఆయనకి రెండోది ముందు వచ్చింది. జ్వరం ఉత్తరం తర్వాత వచ్చింది. నేను తేదీ వేయలేదు. జ్వరం తిరగబెట్టిందనుకుని పన్నెండు రోజులు ఆయన అన్నం సరిగ్గా తినలేదట. షిప్ కొచ్చి రేవుకి చేరాక తెలిసింది. ఆ రోజు నుంచి ప్రతి ఉత్తరానికీ మూల మీద తేదీ, అంకె వేసేదాన్ని. 1, 2, 3 అని. నువ్వు కూడా పెట్టెలకీ ఉత్తరాలకీ అంకెలు వెయ్యి. మంచి కబురు ఏది కొత్తదో వాడికి తెలియాలి.

ఇక్కడ డిసెంబర్ 4 నేవీ డే. 1971లో మనవాళ్లు కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు. నేవీ విన్యాసాలు జరిగినప్పుడు బీచ్ రోడ్డు జనంతో నిండిపోతుంది. ఈసారి చూడటానికి వెళ్లినప్పుడు మీవాణ్ణి కూడా తలుచుకుంటాను.

ఫ్రిస్కో అమ్మ · అక్టోబర్ 3

అత్తయ్యగారూ, చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అంకెలు తప్పకుండా వేస్తాను.

కింగ్స్‌బే కోడలు · అక్టోబర్ 5

మా ఆయన సబ్‌మెరైన్‌లో చేస్తారు. సబ్‌మెరైన్ వాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను. మీరంతా చెప్పే తేదీలు మాకు పనికిరావు. క్షిపణుల సబ్‌మెరైన్ ఒకసారి మునిగితే రెండు నెలల పైన, దాదాపు 77 రోజులు అలాగే ఉంటుంది. పెట్టె చేర్చేవాళ్లు ఉండరు. అందుకని బయలుదేరకముందే మేం “హాఫ్‌వే బాక్స్” కట్టి ఇస్తాం. సగం రోజులు గడిచాక ఒక రాత్రి అందరికీ ఒకేసారి వాళ్ల పెట్టెలు ఇస్తారు.

రెండు నెలలు ముందే ఆలోచించి కట్టాలి కనుక పిండివంటలు పెట్టను. ఫొటోలు పెడతాను. మా పాప చెయ్యి కాగితం మీద పెట్టి గీత గీసి పంపుతాను. తిరిగొచ్చాక ఆయన ఆ కాగితం మీద పాప చెయ్యి మళ్లీ పెట్టి చూస్తారు, ఎంత పెరిగిందో అని. పోయినసారి వేళ్లు గీత దాటాయి.

గులాబీ పువ్వులు · అక్టోబర్ 6

స్టోర్‌కీపర్ అన్నయ్యా, క్రిస్మస్ ప్లమ్ కేక్ సంగతి కూడా చెప్పండి. మా ఇంట్లో ఎండు పళ్లు రమ్‌లో నానబెట్టి చేస్తాం. నేను ధైర్యం చాలక ఎప్పుడూ పంపలేదు.

పాత స్టోర్‌కీపర్ · అక్టోబర్ 6

మంచి పని చేశారు. అమెరికన్ యుద్ధనౌకల మీద 1914 నుంచి మద్యం లేదు. పిల్లవాడికి సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి ఎందుకు? ద్రాక్షరసంలో నానబెట్టి చేయండి. బాగా కాల్చి, చల్లార్చి, గాలి చొరకుండా చుడితే బాగుంటుంది. చాక్లెట్ పూత మాత్రం వేయొద్దు. వేడి సముద్రాల వైపు వెళ్తే కరిగి కవర్‌కి అంటుకుపోతుంది.

ఇక తేదీలు. క్రిస్మస్‌కి అందాలంటే మామూలు గ్రౌండ్ పార్శిల్ నవంబర్ మొదటి వారంలో వేయాలి. ప్రయారిటీ మెయిల్‌కి డిసెంబర్ మొదటి రెండు వారాలలో ఆఖరి తేదీ ఉంటుంది, ఏటా పోస్టాఫీసు ప్రకటిస్తుంది. కానీ ఆ తేదీలు ఒడ్డున ఉన్న స్థావరాలకి సరిపోతాయి. కదిలే షిప్‌కి ఇంకో నెల ముందు వేయమంటాను.

ఎందుకో చెప్తాను. మీ పెట్టె ట్రాకింగ్‌లో షికాగో దాకా కనబడుతుంది. అక్కడి నుంచి విమానంలో బహ్రెయిన్ లాంటి ఏదో ఒక స్థావరానికి వెళ్తుంది. ఆ తర్వాత కదిలే షిప్‌ని పట్టుకోవాలి. ఐదు వేల మంది ఉండే విమానవాహక నౌకకైతే సామాన్ల విమానం నేరుగా డెక్ మీద దిగుతుంది. డిస్ట్రాయర్ మీద మూడు వందల పై చిలుకే, అలాంటి విమానం దిగే చోటుండదు. ఇంధనం, సరుకులు తెచ్చే నౌక పక్కన వచ్చినప్పుడో, హెలికాప్టర్ వచ్చినప్పుడో ఉత్తరాలు వస్తాయి. ముందు ఇంధనం, విడిభాగాలు, ఆహారం. తర్వాతే ఉత్తరాలు. షిప్ దారి మారితే సంచులు ఇంకో స్థావరానికి తిరిగి వెళ్తాయి. ఇందులో ఎవరి తప్పూ ఉండదు.

హెలికాప్టర్ వలలో సంచులు దించిన రోజు ఎలా ఉంటుందంటే, ఎవరికీ చెప్పక్కర్లేదు, మనుషులు వరస కడతారు. డెక్ నుంచి కింద అంతస్తు దాకా చేతుల మీదుగా పెట్టెలు దిగుతాయి. రాత్రి డ్యూటీ చేసి పడుకోవాల్సినవాడు కూడా వచ్చి నిలబడతాడు. తర్వాత మైకులో “మెయిల్ కాల్” అని వినబడుతుంది.

అక్కా, మీకు ఒక్క మాట. అట్టపెట్టెలు షిప్ మీద ఉంచనివ్వరు, నిప్పు భయం. తెరిచిన రోజే నలిపి పారేయాలి. నేను పోస్టల్ పని చేసిన తొలి నెలల్లో ఒక కుర్రాడు పెట్టె పారేసే ముందు దాని మూత కత్తిరించుకోవడం చూశాను. మూత లోపలి వైపు వాళ్లమ్మ నల్ల స్కెచ్ పెన్నుతో ఏదో రాసింది. ఆ ముక్క తీసుకెళ్లి తన మంచం పైనున్న మంచం అడుగున, పడుకుంటే ఎదురుగా కనబడే చోట అంటించుకున్నాడు. ఆ తర్వాత గమనిస్తే అలాంటి ముక్కలు చాలా మంచాలకి ఉన్నాయి. ఇప్పుడు అడ్రసులు, కస్టమ్స్ ఫారాలు అన్నీ ప్రింటే. పెట్టె మీద అమ్మ చేతిరాత ఒక్క అక్షరం ఉండటం లేదు. మూత లోపల రాయండి.

ఫ్రిస్కో అమ్మ · అక్టోబర్ 6

రాస్తాను. తెలుగులోనే రాస్తాను. వాడికి మాట్లాడటం బాగా వచ్చు, చదవడం కూడబలుక్కుంటాడు. చిన్నప్పుడు ఆదివారం బడికి మూడేళ్లు పంపాను. “అమ్మ” అన్న మాట, వాడి ముద్దుపేరు అయితే చదవగలడు.

ఫ్రిస్కో అమ్మ · అక్టోబర్ 14

మొదటి పెట్టె ఈరోజు వేశాను. అంకె 1. దీపావళికీ థ్యాంక్స్‌గివింగ్‌కీ కలిపి. చెక్కలు నాలుగు గొట్టాలు, కందిపొడి, నల్లకారం, బెల్లం గవ్వలు, సాక్సులు, నిమ్మరసం ప్యాకెట్లు, ప్లాస్టిక్ దీపాలు రెండు. నాలుగు గొట్టాల్లో ఒకటే వాడికి, మిగతా మూడు వాడి గదిలో ఉన్నవాళ్లకి అని చీటీ పెట్టాను.

పోస్టాఫీసు కౌంటర్లో మొదట వెనక్కి పంపారు. ఫారంలో గవ్వలకి “స్వీట్స్” అని రాశాను. పక్కకి జరిగి “ఫ్రైడ్ వీట్ డో విత్ జాగరీ” అని మార్చి ప్రింట్ తెచ్చాను. రెండు సార్లు వెళ్లినా బాధ లేదు, వెళ్లింది.

గులాబీ పువ్వులు · అక్టోబర్ 14

పంచుకోవడానికి పెట్టడం చాలా మంచి పని అక్కా. పెట్టె రానివాళ్లు ఆ గదిలో తప్పకుండా ఉంటారు.

ఫ్రిస్కో అమ్మ · నవంబర్ 5

రెండో పెట్టె వేశాను. క్రిస్మస్‌కీ సంక్రాంతికీ. ఈసారి ఒక సంగతి జరిగింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టె తెరిచి పెట్టి, మూత లోపల రాసి, టేపు కోసం లోపలికి వెళ్లాను. వచ్చేసరికి నా రాత కింద ఇంకో వరుస ఉంది. మా వారు స్కెచ్ పెన్ను మూత పెడుతున్నారు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. టేపు వేశాం, ఆయనే కారులో పెట్టారు.

ఫ్రిస్కో అమ్మ · డిసెంబర్ 20

ఒక్క పెట్టె కూడా అందలేదు. మొదటిది వేసి రెండు నెలలు దాటింది. ట్రాకింగ్‌లో అక్టోబర్ తర్వాత కదలిక లేదు. చెక్కలు ముక్కిపోయి ఉంటాయి. మా అక్కవాళ్ల పిల్లలంతా సెలవులకి వస్తున్నారు, వంట చేయాలనే లేదు.

పాత స్టోర్‌కీపర్ · డిసెంబర్ 20

అక్కా, ట్రాకింగ్ ఆగిందంటే పెట్టె పోయిందని కాదు. స్థావరం దాటాక చాలాసార్లు స్కాన్ ఉండదు. షిప్ ఆంబుడ్స్‌మన్‌కి మెయిల్ పెట్టండి. ఆ షిప్‌లో పనిచేసేవాళ్ల భార్యో భర్తో స్వచ్ఛందంగా చేసే పని అది. కుటుంబాలకీ షిప్ కమాండింగ్ ఆఫీసర్‌కీ మధ్య మాట చేరవేస్తారు. 1970లో అప్పటి నేవీ అధిపతి అడ్మిరల్ జుమ్‌వాల్ట్ పెట్టిన పద్ధతి. ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయో లేదో చెప్పగలిగినంత చెప్తారు.

ఫ్రిస్కో అమ్మ · డిసెంబర్ 21

జవాబు వచ్చింది. షిప్ మొత్తానికీ ఉత్తరాలు ఆలస్యంగానే అందుతున్నాయట, మా ఒక్కరివే కాదట. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం పులిహోర చేశాను.

మల్కాపురం అత్తయ్య · డిసెంబర్ 22

వస్తాయి అమ్మాయ్. నీళ్ల మీద తిరిగేవాటికి ఆలస్యమే గానీ తప్పిపోవడం తక్కువ.

ఫ్రిస్కో అమ్మ · జనవరి 9

అందాయి! రెండూ ఒకే రోజు అందాయట. నిన్న షిప్ ఒక రేవులో ఆగితే వీడియో కాల్ చేశాడు. మనిషి చిక్కాడు, గొంతు మారింది.

2 అని అంకె ఉన్న పెట్టె ముందు చేతికొచ్చిందట. 1 వచ్చేదాకా తెరవకుండా ఆగాడట, ఒక అరగంట. అత్తయ్యగారూ, మీ అంకెలు పనిచేశాయి. చెక్కలు ఒక్కటి విరగలేదు, ముక్కిన వాసనా లేదు. నాలుగు గొట్టాలూ రెండు రోజుల్లో అయిపోయాయి. టెక్సస్ కుర్రాడొకడు నల్లకారం ఇంకా ఉందా అని అడిగాడట. ప్లాస్టిక్ దీపాలు దీపావళి దాటి రెండు నెలలైనా రాత్రి వెలిగించుకుంటున్నాడు, చదువుకోవడానికి.

రెండు మూతలూ కత్తిరించి మంచం పైన అంటించుకున్నాడు. ఫోన్ తిప్పి చూపించాడు. మొదటి మూత కూడబలుక్కుని చదివేశాడు. రెండో దాంట్లో నా వరుస చదివాడు. “కింద ఇంకో లైన్ ఉందమ్మా, అది నీ రైటింగ్ కాదు. నాకు రావట్లేదు. ఏం రాసుంది?” అన్నాడు.

నేను చదవలేదు. “మీ నాన్న రాశారు, ఆయన్నే అడుగు” అని ఫోన్ ఆయన చేతికిచ్చాను.

ఆయన గొంతు సవరించుకుని చదివారు. “ప్రతి ఆదివారం నీ కారు స్టార్ట్ చేసి పావుగంట ఉంచుతున్నాను. బ్యాటరీ బాగానే ఉంది.”

ఆ తర్వాత ఇద్దరూ టైర్లలో గాలి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వంటింట్లోకి వచ్చేశాను.

కింగ్స్‌బే కోడలు · జనవరి 9

అక్కా, ఇది మా ఆయనకి చూపించాలి.

ఎడిసన్ తమ్ముడు · జనవరి 10

చాలా సంతోషం అమ్మగారూ. మా పిల్లలు 212 కార్డులు రాశారు, నవంబర్‌లోనే సంస్థకి చేర్చాం. మీ చెక్కల డబ్బా కిటుకు మా ఇంట్లో కూడా మొదలైంది.

ఫ్రిస్కో అమ్మ · ఫిబ్రవరి 11

తమ్ముడూ, ఉగాదికి మూడో పెట్టె కట్టాలనుకుంటున్నాను. ఈసారి నల్లకారం రెండు కిలోలు కొట్టాలి. ఇప్పుడే వేసేయనా?

పాత స్టోర్‌కీపర్ · ఫిబ్రవరి 11

ఆగండక్కా. డిప్లాయ్‌మెంట్ చివరికొచ్చేటప్పుడు షిప్‌కి ఉత్తరాలు ఆపే తేదీ ఒకటి ఉంటుంది. అది దాటి వేస్తే పెట్టె షిప్ వెనకాల తిరిగి తిరిగి ఎప్పటికో వస్తుంది. నాకు తెలియదు, ఇక్కడ ఎవరూ చెప్పకూడదు కూడా. ఆంబుడ్స్‌మన్‌ని అడగండి.

ఫ్రిస్కో అమ్మ · ఫిబ్రవరి 13

అడిగాను. ఆవిడ ఏం చెప్పిందో ఇక్కడ రాయను. మూడో పెట్టె మాత్రం కట్టడం లేదు. మా వారు ఈ ఉదయం కారు కవరు తీసి కడిగారు.